పగలు ఒక మందు, రాత్రి ఒక మందు: జింక వేటకు నేనే తూటాలు చేసుకున్న అనుభవం

"రాత్రి బాబు పడుకున్నాక బేస్‌మెంట్‌లో మందు తూచుకుంటూ కూర్చుంటున్నానమ్మా" అన్నాను ఫోన్లో. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అల్లుడికి తెలుసా?" అంది.

తప్పు అమ్మది కాదు, మన భాషది. జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో ఉండేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. వరంగల్లో బీఫార్మసీ చదివి, ఇప్పుడు అమెరికాలో మాత్రల నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. అంటే పగలు ఒక మందు తూస్తాను. 2024 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా రాత్రిళ్లు ఇంకో మందు తూచాను. కొత్త రైఫిల్‌కి సరిపోయే తూటాలు నా చేతులతో నేనే తయారు చేసుకోవడానికి.

మేం ఉండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో నైరుతి మూల. మంచు యుగంలో రాష్ట్రంలో చాలా భాగాన్ని చదును చేసేసిన హిమనదాలు ఈ మూలను మాత్రం తాకలేదట. అందుకే ఇక్కడ ఇంకా కొండలు, లోయలు, వాటి మధ్య మొక్కజొన్న చేలు ఉన్నాయి. చేను ఉన్నచోట తెల్లతోక జింక ఉంటుంది. మా పక్క పొలం పెద్దాయన ఒకప్పుడు లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. నాలుగేళ్లుగా ప్రతి నవంబర్‌లో మాకు ఒక సంచీ జింక మాంసం ఇచ్చేవాడు. తీసుకుని తినడమే తప్ప తిరిగి ఇచ్చింది ఏమీ లేదు, ఒకసారి సున్నుండలు తప్ప. మా ఊళ్లో మా తాతయ్య దగ్గర పంట కాపలాకి లైసెన్సున్న పాత బర్మారు తుపాకీ ఉండేదని, గొట్టంలో మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, చువ్వతో దట్టించేవాడని చిన్నప్పుడు విన్నాను. ఆ కథ చెప్పినప్పుడు పెద్దాయన కళ్లు మెరిశాయి. "అయితే నువ్వూ రా" అన్నాడు.

కొన్ని సంగతులు ముందే చెప్పేస్తాను, లేకపోతే కింద అవే ప్రశ్నలు వస్తాయి. గ్రీన్‌కార్డు వచ్చాకే నేను తుపాకీ జోలికి వెళ్లాను. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో వేరే ఆంక్షలున్నాయి. అవి తెలుసుకోకుండా స్నేహితుడి తుపాకీని సరదాకి కూడా పట్టుకోవద్దు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తేనే వేట లైసెన్సు ఇస్తారు. పన్నెండేళ్ల పిల్లల మధ్య నేనొక్కదాన్నే పెద్దదాన్ని కూర్చుని అదీ పూర్తి చేశాను. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఇక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. ఇండియాలో సంగతి పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ జింకను వేటాడితే జైలే. లైసెన్సు లేకుండా తూటా తయారు చేసినా ఆయుధాల చట్టం కింద నేరమే. కాబట్టి అక్కడున్నవాళ్లు దీన్ని చదివి వదిలేయండి.

ఇక రైఫిల్. .270 విన్‌చెస్టర్ తూటా పట్టే మామూలు బోల్ట్ యాక్షన్, అంటే ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోసే రకం. ఆ తూటా 1925లో వచ్చింది, అంటే మా తాతయ్య కంటే పెద్దది. దుకాణాల్లో దొరికేదానికి నేనే ఎందుకు తయారు చేసుకోవాలి అంటే, కారణం మా బాబు.

మామూలు వేట బుల్లెట్ లోపల సీసం ఉంటుంది, పైన రాగి తొడుగు. జింకకు తగలగానే అది విచ్చుకుంటుంది, కొంత ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో కొన్ని కంటికి కనపడనంత చిన్నవి, గాయం చుట్టూ మాంసంలోకి పోతాయి. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో, వేటగాళ్లు దానంగా ఇచ్చిన జింక ఖీమాలో సీసం కనపడిందని, పేదలకు తిండి పంచే కేంద్రాలు దాన్ని పంచొద్దని ఆరోగ్య శాఖ చెప్పింది. ల్యాబులో రోజూ సీసం పరిమితులు చూసే మనిషిని నేను. ఆరేళ్ల పిల్లాడి కంచంలో అది పెట్టలేను. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అయితే పువ్వులా విచ్చుకుంటుంది కానీ సాధారణంగా తునకలైపోదు. సరే, రాగి తూటాలు కొందామని వెళితే మా దగ్గర దుకాణంలో ఈ సైజులో ఒకటే రకం ఉంది, ఇరవై తూటాల పెట్టె ఒకటి. కొన్నాను. 100 గజాల దూరంలో కాగితం మీద మూడు పేలిస్తే మూడూ రెండున్నర అంగుళాల మేర చెల్లాచెదురుగా పడ్డాయి. అదే రైఫిల్‌లో చవక సీసం తూటాలు అంగుళంన్నరలో పడుతున్నాయి. తూటా మంచిదే అయ్యుండొచ్చు, నా రైఫిల్‌కి నచ్చలేదు. ఏ రైఫిల్‌కి ఏది నచ్చుతుందో పేల్చి చూస్తే తప్ప తెలియదని పెద్దాయన అన్నాడు. నచ్చేదేదో మనమే చేసిపెడదాం అని కూడా ఆయనే అన్నాడు.

మాటల సంగతి ఒకటి చెప్పాలి. మనం బుల్లెట్ అని మొత్తం తూటానే అంటుంటాం. ఈ పనిలో అలా అంటే కుదరదు. తూటాకి నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న నిప్పు బిళ్ల, లోపల మందు, మూతిలో బుల్లెట్. పేల్చాక మిగిలేది కేసు ఒక్కటే. మళ్లీ వాడుకునేది అదే. అందుకే మొదట్లో ప్రాక్టీసుకి వాడిన సీసం తూటాల ఖాళీ కేసులు నలభై ఏరి దాచాను. అన్నీ ఒకే కంపెనీవి, అడుగున ఒకే ముద్ర ఉన్నవి. వేరే కంపెనీ కేసుల్లో గోడ మందం తేడా ఉంటుంది, లోపలి చోటు తేడా ఉంటుంది, అందుకని కలపకూడదు.

సామాన్లకి పెద్దాయన తన పాత ప్రెస్, అంటే హ్యాండిల్ నొక్కి కేసుల్ని అచ్చుల్లోకి నెట్టే యంత్రం, ఇస్తానన్నాడు. వద్దని నాదే ఒకటి కొన్నాను, ఒక్కసారికి ఒక్క పనే చేసే రకం. నిమిషానికి బోలెడు తూటాలు తీసే యంత్రాలు కూడా ఉంటాయి, మొదటిసారి చేసేవాళ్లకి అవి పనికిరావని నా అభిప్రాయం. ప్రెస్, డైలు అనే ఉక్కు అచ్చులు, త్రాసు, కొలతలు తీసే కాలిపర్, కేసు పొడవు కోసే ట్రిమ్మర్, పుస్తకాలు రెండు. మా ఆయన బిల్లు చూసి, ఈ డబ్బుతో ఎన్ని మేకలొస్తాయో లెక్క వేశాడు. ఆ లెక్క ఇక్కడ రాయను.

మొదటి పని కేసులు శుభ్రం చేయడం. మొక్కజొన్న కండెల పొడి నింపిన గిన్నెలో వేసి గంటలకొద్దీ కంపింపజేస్తే మసి పోయి కొత్త ఇత్తడి చెంబుల్లా మెరుస్తాయి. ఆ పొడి పాతబడ్డాక అందులో ప్రైమర్ మసి ఉంటుంది, ఆ మసిలోనూ సీసమే. సీసం వద్దని ఈ పనికి దిగి, ఇంట్లోకి సీసం దుమ్ము తెచ్చుకుంటే అంతకంటే తెలివితక్కువ ఉండదు. అందుకే అది మాత్రం గ్యారేజీ బయట, గిన్నెకి మూత పెట్టి, చేతికి గ్లవ్స్ వేసుకుని చేశాను. పొడి మీద తడి గుడ్డ కప్పి ఎత్తి పారేయడం పెద్దాయనకి చాదస్తంగా కనపడింది.

తర్వాత సైజింగ్. తూటా పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గది ఆకారం తీసుకుంటుంది. ఈ గదిలో ఒత్తిడి చదరపు అంగుళానికి 65,000 పౌండ్ల దాకా వెళ్లొచ్చు, ఈ తూటాకి పెట్టిన గరిష్ఠ పరిమితి అది. కారు టైరులో గాలి ముప్ఫై అయిదు ఉంటుంది. అలా ఉబ్బిన కేసుని గట్టి ఉక్కు డైలోకి నెట్టి మళ్లీ సన్నబరచాలి. గాజులమ్మే ఆవిడ చేతికి సబ్బు రాసి, వేళ్లు నొక్కిపట్టి బిగువు గాజు ఎక్కిస్తుంది చూడండి, అచ్చం అలాగే. ఇక్కడ సబ్బు బదులు మైనం లాంటిది వేలితో కేసు ఒళ్లంతా పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే అది డైలో పోగై కేసు భుజం మీద, అంటే మూతి దగ్గర సన్నబడే చోట, సొట్ట పడుతుంది. తక్కువైతే కేసు లోపలే ఇరుక్కుంటుంది.

పదకొండు కేసులు వెన్నలో కత్తిలా దిగాయి. పన్నెండోది సగం దిగి ఆగింది. అక్కడే ఆగి వెనక్కి తీసి మళ్లీ మైనం రాయాల్సింది. నేను హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కాను. దిగింది. రాలేదు. వెనక్కి లాగితే కేసు అడుగు అంచు చిరిగి చేతికొచ్చింది, మిగతాది డైలోనే ఉండిపోయింది. రాత్రి పదకొండు దాటింది. యూట్యూబ్ చూసి ఇంట్లో ఉన్న పనిముట్లతో తీద్దామనుకుని, కనీసం ఆ తెలివైనా వచ్చి, ఆగిపోయాను.

పొద్దున్నే డై పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. లోపలి కడ్డీ వదులు చేసి, కేసు అడుగున రంధ్రం పెట్టి, మరలు కోసి, బోల్టు బిగించి మెల్లగా లాగితే కార్క్ మూతలా బయటికొచ్చింది. దాన్ని ఒక మేకుకి తగిలించాడు. ఆ మేకుకి అప్పటికే మూడు వేలాడుతున్నాయి. ఎవరివి అని అడిగితే, "నావే, 1978, 1991, ఇంకోటి మొన్న వేసవిలో" అన్నాడు.

మిగిలినవి ముప్ఫై తొమ్మిది.

సైజింగ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. భుజాన్ని ఎంత వెనక్కి నెట్టాలి అన్నది. మొత్తం నెట్టేస్తే ఏ రైఫిల్‌లోనైనా పడుతుంది కానీ ఇత్తడి ఎక్కువ సాగి, కొన్నిసార్లు వాడేసరికి అడుగు దగ్గర పగులుతుంది. నా రైఫిల్ గదిలో పేలిన కేసుని కొలిచి, దాని కంటే 0.002 అంగుళాలు మాత్రమే వెనక్కి నెట్టేలా డైని తిప్పి పెట్టుకున్నాను. తల వెంట్రుక మందం కంటే తక్కువ అది. దర్జీ కొలతలు తీసుకుని కుట్టిన జాకెట్‌కి, రెడీమేడ్‌కి ఎంత తేడానో అంత తేడా.

సైజింగ్ చేస్తే కేసు పొడవు కాస్త పెరుగుతుంది. ఈ రకానికి గరిష్ఠం 2.540 అంగుళాలు. దాటితే మూతి గది అంచుకి తగిలి బుల్లెట్‌ని నొక్కిపడుతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. అన్నిటినీ 2.530కి కోసి, మూతి లోపలా బయటా అంచులు నునుపు చేశాను. ముప్ఫై తొమ్మిదింటికి రెండు సాయంత్రాలు పట్టింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నట్టు ఉంటుంది ఆ పని, చేతులు వాటంతటవే కదులుతాయి, ఆలోచనలు ఎక్కడికో పోతాయి. ప్రైమర్లు ఎక్కించడం అంతకంటే త్వరగా అయింది. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు మందు.

తూకం గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకి 7,000 గ్రెయిన్లు, ఒక గ్రెయిను దాదాపు 65 మిల్లీగ్రాములు. పుస్తకం తెరిచి ఆ మాట చూడగానే నాకు పుట్టింట్లో అడుగుపెట్టినట్టయింది. ఫార్మసీలో పాత కొలత ఇదే. 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అనే వింత అంకె ఎక్కడిదనుకున్నారు? అది పాత అయిదు గ్రెయిన్ల మాత్ర. మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచేవాడే, ఆ గింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఇక్కడ మందు తూచాల్సింది గ్రెయిన్‌లో పదో వంతు దాకా. అంటే గురివింద గింజలో ఇంచుమించు ఇరవయ్యో వంతు. ఆరున్నర మిల్లీగ్రాములు. కాలేజీలో మేం పొట్లాలు కట్టడం నేర్చుకున్న త్రాసు సూక్ష్మత కూడా ఇంచుమించు అంతే.

ఎన్ని గ్రెయిన్లు వేశానో మాత్రం రాయను, అడిగినా చెప్పను. పిసినారితనం కాదు. నా రైఫిల్‌లో భద్రంగా ఉన్నది మీ రైఫిల్‌లో ఉండకపోవచ్చు. బుల్లెట్ తయారుచేసినవాళ్లు, మందు తయారుచేసినవాళ్లు పుస్తకాలు వేస్తారు. ఏ బుల్లెట్‌కి ఏ మందు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నీ వాటిలో ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన అంకె నమ్మి మందు పోయడం, పక్కింటావిడ చెప్పిన డోసు చంటిపిల్లకి పట్టించడం రెండూ ఒకటే.

రాగి బుల్లెట్‌తో ఇంకో మెలిక. సీసం కంటే రాగి తేలిక. అందుకని అదే 130 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ రాగిలో పొడుగ్గా ఉంటుంది. పొడుగు బుల్లెట్ కేసులోకి లోతుగా దిగి, మందు చోటు తినేస్తుంది. కాబట్టి సీసం బుల్లెట్ లెక్కలు చూసి రాగి బుల్లెట్‌కి మందు పోయకూడదు. బరువు ఒకటే కదా అని నేను మొదట ఆ పొరపాటే చేయబోయాను. పేజీ పైన బుల్లెట్ బొమ్మ వేరుగా ఉండడం చూసి ఆగాను.

మందుగా హెచ్4831 తీసుకున్నాను. దీనికో కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన మందు గుట్టలు గుట్టలుగా మిగిలిపోతే, హాడ్జ్‌డన్ అనే ఆయన కొని చవగ్గా వేటగాళ్లకు అమ్మాడు. నెమ్మదిగా కాలే ఆ మందు .270కి అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు దొరికేది ఆ పాత సరుకు కాదు, కొత్తగా చేస్తున్నది, పేరు మాత్రం అదే. నాకు నచ్చిన గుణం ఏమిటంటే ఇది కేసుని దాదాపు నింపేస్తుంది. పొరపాటున ఒకే కేసులో రెండుసార్లు పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, తెలిసిపోతుంది. అయితే ఎక్కువైతేనే ప్రమాదం అనుకోవద్దు. నెమ్మదిగా కాలే మందుని పుస్తకం చెప్పిన ప్రారంభ కొలత కంటే బాగా తగ్గించినా ఒత్తిడి ఒక్కసారిగా ఎగిరిన సందర్భాలున్నాయి. అసలు పోయకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని గొట్టంలోకి నెట్టి అక్కడే వదిలేస్తుంది, దాని వెనక ఇంకోటి పేల్చితే ఇక చెప్పక్కర్లేదు.

మొదటి రాత్రి త్రాసు నన్ను ఏడిపించింది. అదే మందు ఒకసారి ఒక అంకె, పళ్లెం తీసి మళ్లీ పెడితే పదో వంతులు రెండు తేడా. బ్యాటరీ మార్చాను. బల్ల మట్టం చూశాను. కొత్త వస్తువు లోపమని తిరిగిచ్చేద్దామని డబ్బా కూడా వెతికాను. ఇంతలో ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఆగింది, అంకె నిలబడింది. మళ్లీ ఫర్నేస్ మొదలైంది, అంకె ఊగింది. నా తల మీదే వేడిగాలి వచ్చే రంధ్రం ఉంది! ల్యాబులో త్రాసుకి గాజు తలుపులు ఎందుకుంటాయో కొత్తవాళ్లకి పాఠం చెప్పే మనిషిని, ఇంట్లో గాలి కింద త్రాసు పెట్టుకుని కూర్చున్నాను. రంధ్రానికి అట్ట అంటించి, త్రాసు చుట్టూ అట్టపెట్టె నిలబెట్టాక సరిపోయింది. అయినా ప్రతి పది తూకాలకీ ఒకసారి తెలిసిన బరువు రాయి పెట్టి చూడడం మానలేదు.

రెండో రాత్రి ఎనిమిదో కేసు దగ్గర ఉండగా పై నుంచి "అమ్మా, నీళ్లు" అని కేక. వెళ్లొచ్చాను. ఎనిమిదోదానిలో పోశానా? టార్చి వేసి చూస్తే పోసినట్టే ఉంది. తూకం చూశాకే పోశానా? గుర్తు లేదు. ఎనిమిది కేసులూ తలకిందులు చేసి మందంతా తిరిగి డబ్బాలో పోసి, మొదటి నుంచి మొదలుపెట్టాను. బల్ల మీద ఒక్కసారికి ఒక్క మందు డబ్బానే ఉండాలన్న నియమం ఎందుకో అప్పుడు బాగా అర్థమైంది. రెండు డబ్బాలుంటే, ఏ డబ్బాలో తిరిగి పోయాలో కూడా అనుమానమే వచ్చేది. ఆ రోజు నుంచి బాబు మంచం పక్కన నీళ్ల సీసా పెట్టడం మొదలుపెట్టాను.

పుస్తకం చెప్పిన ప్రారంభ కొలత నుంచి అర గ్రెయిను చొప్పున పెంచుతూ అయిదు మెట్లు, మెట్టుకి మూడు, మొత్తం పదిహేను తూటాలు. అయిదో మెట్టు కూడా పుస్తకం గరిష్ఠానికి కిందే. బుల్లెట్ ఎంత లోతుగా కూర్చోబెట్టాలన్నది ఇంకో లెక్క. గొట్టం లోపలి గాడులు మొదలయ్యే చోటుకి బుల్లెట్ ఎంత దూరంలో ఉందో చూడాలి. రాగి బుల్లెట్లకి 0.050 అంగుళాల ఖాళీతో మొదలుపెట్టమని తయారీదారులు చెప్తారు. అలాగే పెట్టాను. ప్రతి మెట్టునీ వేరే సంచీలో పెట్టి, రంగు పెన్నుతో అడుగున గీత గీశాను.

అక్టోబర్ మొదటి ఆదివారం రేంజికి వెళ్లాం. పక్కన ఎవరో రాళ్లు పగలగొడుతున్నట్టు తుపాకులు పేలుతున్నాయి, నా చేతులు వణుకుతున్నాయి. శబ్దానికి కాదు. ఇన్నాళ్లూ కొన్న తూటా పేల్చాను, ఇది నా వంట. మొదటిది పేల్చేటప్పుడు కళ్లు మూసుకున్నానని పెద్దాయన తర్వాత చెప్పాడు. నేను ఒప్పుకోలేదు.

మొదటి మెట్టు మూడూ రెండు అంగుళాల్లో. రెండోది అంగుళంన్నర. మూడోది వచ్చేసరికి మూడు రంధ్రాల్లో రెండు కలిసిపోయాయి, మూడోది పక్కనే, అంగుళానికి కాస్త ఎక్కువ. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ సెకనుకి 2,900 అడుగులకి అటూ ఇటూగా చూపించింది. ప్రతి మూడింటికీ ఆగి గొట్టం చల్లారనిచ్చాం. నాలుగో మెట్టులో రెండో తూటా పేల్చాక బోల్ట్ ఎత్తబోతే కొంచెం బిగిసినట్టనిపించింది. బలం పెట్టాల్సినంత కాదు, పాత కిటికీ గడియలా. కేసు తీసి చూస్తే ప్రైమర్ అంచులు బాగా చదునుగా అయ్యాయి, అడుగున ఒక మెరిసే మచ్చ, అన్నీ ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తులే. పెద్దాయన దాన్ని వెలుతురుకి తిప్పి చూసి నా చేతికిచ్చాడు. ఏం చేద్దామని అడగలేదు. మిగిలిన ఒకటీ, అయిదో మెట్టు మూడూ సంచీలోనే పెట్టేశాను. పుస్తకం ప్రకారం ఇంకా చోటుంది. రైఫిల్ ప్రకారం లేదు. కొత్త రైఫిల్ గది బిగువుగా ఉన్నట్టుంది.

పేల్చని నాలుగింటినీ ఇంటికొచ్చాక సుత్తి లాంటి పరికరంలో పెట్టి నేలకి కొట్టి విప్పాను. బుల్లెట్, మందు వేరుగా రాలతాయి. రాత్రి పూట బేస్‌మెంట్ నుంచి ఆ టక్ టక్ శబ్దం విని మా ఆయన "కొబ్బరికాయలు కొడుతున్నావా" అని పై నుంచి అరిచాడు.

మూడో మెట్టు మందు ఖాయం చేసుకున్నాక, లోతు మార్చి మూడేసి చొప్పున తొమ్మిది చేశాను. 0.050 అంగుళాల ఖాళీ బదులు 0.070 ఇస్తే మూడు రంధ్రాలు ముప్పావు అంగుళంలో పడ్డాయి. ఎందుకు? నాకు తెలియదు, పెద్దాయనకీ తెలియదు. రైఫిల్‌కి తెలుసు. అదృష్టమేమో అని వారం తర్వాత మళ్లీ మూడు పేల్చాం, మళ్లీ ముప్పావే. ఆ తర్వాత ఇంకో వారం కూర్చుని సీజన్ కోసం పదిహేను చేసి, ఒక్కొక్కటీ రైఫిల్ మ్యాగజైన్‌లో పెట్టి తీసి చూసి, తేదీ, మందు, లోతు రాసిన చీటీతో డబ్బాలో పెట్టాను. ల్యాబులో బ్యాచ్ రికార్డు రాసే అలవాటు ఎక్కడికి పోతుంది.

2024 నవంబర్ 23, శనివారం, సీజన్ మొదటి రోజు. ఒంటి మీద నారింజ రంగు కోటు, వేళ్ల మధ్య అల్లం టీ ఫ్లాస్కు. పెద్దాయన పొలం అంచున చెట్టుకి కట్టిన మంచె మీద చీకట్లోనే ఎక్కి కూర్చున్నాను. వెలుతురు వచ్చిన గంటకి మూడు ఆడ జింకలు మొక్కజొన్న మోళ్ల మీదుగా వచ్చాయి. నాకున్న పర్మిట్ కొమ్ములు లేనివాటికే. పెద్దది పక్కకి తిరిగేదాకా ఆగాను. ఎనభై గజాలు ఉంటుంది. అది తిరిగింది. దాని వెనక మట్టికట్ట తప్ప ఏమీ లేదని చూసుకున్నాను. ఈసారి కళ్లు మూసుకోలేదు.

నలభై గజాలు పరుగెత్తి పడిపోయింది. మంచె దిగి వెళ్లేసరికి కదలిక లేదు. కాసేపు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏమనిపించిందో ఇంకా నాకే సరిగ్గా తెలియదు, అందుకే దాని గురించి రాయడం లేదు. కోత పని పెద్దాయన చెప్తుంటే నేనే చేశాను. ఊపిరితిత్తుల మీదుగా ఇటు నుంచి అటు దూసుకుపోయింది బుల్లెట్. మాంసం పెద్దగా పాడవలేదు.

ఈ ప్రాంతంలో 2002 నుంచి జింకలకి సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. అందుకని తలని పరీక్షకి ఇచ్చే పెట్టెలో వేసి, ఫలితం వచ్చేదాకా మాంసం ముట్టుకోలేదు. జబ్బు కనపడలేదని వచ్చిన రోజు మా ఆయన గోంగూర వేసి వండాడు. కొవ్వు తక్కువ మాంసం, నూనె కాస్త ఎక్కువ పడుతుంది. బాబు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఒక డబ్బా పెద్దాయనకి పంపాం. నాలుగేళ్ల బాకీ.

ఆ రోజు జరిగినదాంట్లో ఒక సంగతి మిగిలింది. పేల్చగానే అలవాటుగా బోల్ట్ లాగాను, ఖాళీ కేసు మంచె మీద నుంచి ఎగిరి కింద ఆకుల్లో పడింది. జింకని ట్రాక్టర్ దాకా చేర్చాక నేను మళ్లీ వెనక్కి వెళ్లి చెట్టు కింద మోకాళ్ల మీద వెతుకుతుంటే పెద్దాయన ఇంజన్ ఆపి చూస్తూ కూర్చున్నాడు. పావుగంట పట్టింది. మంచు పట్టిన ఓక్ ఆకు కింద దొరికింది. రాత్రి స్నానం చేసి వచ్చాక దాన్ని తుడిచి, సైజింగ్ చేసి, కాలిపర్ పెట్టాను. 2.535 అంగుళాలు. ట్రిమ్మర్ తీయక్కర్లేదు, ఇంకోసారికి వస్తుంది.